ముగ్గురు మునిరత్నాలు, నలుగురు కస్తూరులు

శాస్త్రవేత్తల్లో ఒకరు ఏడాదికి అరడజను పేపర్లు అచ్చు వేయిస్తారు. పక్క గదిలో అదే జీతం, అదే ఫ్యాను, అదే కిటికీ ఉన్న ఇంకొకరు రెండేళ్లకు ఒకటి రాస్తారు. ఎందుకలా? ఈ ప్రశ్నకు జవాబు నేను కనిపెట్టేశాను. మా విభాగాధిపతులందరినీ కూర్చోబెట్టి, తెర మీద రంగురంగుల గీతలు వేసి, గంటసేపు వివరించాను కూడా. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ రోజు నేను ఇంటికి నడిచి వెళ్లలేదు, తేలుతూ వెళ్లాను.

అంతా తప్పు!

ఇప్పుడు రిటైరయ్యాను కాబట్టి నవ్వుతూ చెప్పగలుగుతున్నాను. కొత్తగా ఈ ఉద్యోగంలోకి వచ్చే పిల్లలు "మేడమ్, ఏమైనా సలహా చెప్పండి" అని అడిగితే నా గొప్పలు చెప్పను, ఈ తప్పు చెబుతాను. దీన్ని మించిన పాఠం నా దగ్గర లేదు. ఇంత మంచి కథ కూడా లేదు.

పులిహోరకు లొంగని పని

నా పేరు అలివేలు. మాది నగరి. తిరుపతి శివార్లలో ఒక వ్యవసాయ పరిశోధనా కేంద్రం గణాంక విభాగంలో ముప్పై ఏళ్లు పనిచేశాను. విభాగమంటే గొప్పగా ఊహించుకోకండి. నేను, ఒక కంప్యూటరు, తలుపు కిర్రుమనే ఒక బీరువా, అంతే.

వేరుశనగ వాళ్లు, చెరకు వాళ్లు, మామిడి వాళ్లు పొలంలో కొలిచిన అంకెలన్నీ తెచ్చి నా బల్ల మీద పోసేవారు. ఈ మందు కొట్టిన మడిలో కాయ నిజంగానే ఎక్కువొచ్చిందా, లేక ఊరికే అదృష్టం కలిసొచ్చిందా అన్నది నేను తేల్చాలి. నేను "తేడా లేదు సార్" అన్నానంటే ఆ మనిషి ఆరు నెలల చాకిరీ బూడిదలో పోసిన పన్నీరే. అందుకే నా గదిలోకి ఎవరు వచ్చినా కాగితం కన్నా ముందు నా ముఖం చూసేవారు. కొందరు పులిహోర డబ్బాతో వచ్చేవారు. పులిహోర సుబ్బరంగా తిని, చెయ్యి కడుక్కుని వచ్చి, "తేడా లేదు సార్" అనేదాన్ని. ఒక చెరకాయన ఉండబట్టలేక అడిగాడు, "లడ్డు తెస్తే అయినా తేడా వస్తాదా మేడమ్?" అని. "లడ్డు తెండి సార్, తింటాను. తేడా మాత్రం మీ చెరకే తేవాల" అన్నాను. ఆయన మరునాడు నిజంగానే లడ్డు తెచ్చాడు. తేడా రాలేదు.

ఈ పనిలో ఒక సుఖం ఉంది. అందరి వంటిళ్లూ మనకు కనబడతాయి. ఎవరి అంకెలు ఎండలో నిలబడి కొలిచినవో, ఎవరివి నీడలో కూర్చుని ఊహించినవో రెండు పేజీలు తిప్పితే తెలిసిపోతుంది. ఊహించిన అంకెలు మరీ బుద్ధిగా ఉంటాయి. పొలం అంత బుద్ధిగా ఎప్పుడూ ఉండదు.

మామిడికి తొందర లేదు

మా కేంద్రానికి అధిపతిని అందరం పెద్దాయన అనేవాళ్లం. మంచి మనిషి. కాకపోతే అన్నింటికీ తొందరే. కాఫీ చల్లారేదాకా ఆగలేక రోజూ నోరు కాల్చుకునేవాడు. నేను రిటైరయ్యే ఏడాది ఒక ఉదయం నన్ను పిలిచి ఆ కాలిన నోటితోనే అన్నాడు: "అమ్మా అలివేలూ, మనోళ్లలో కొందరు నిండా రాస్తా ఉండారు, కొందరు గమ్మున కూర్సోనుండారు. ఎందుకట్లో నువ్వు లెక్కేసి చెప్పు. ఏదో ఒక ప్రాజెక్టు ఎత్తేయమని పైనుంచి ఒకటే పోరు. ఎవురు తక్కవ రాసింటే వాళ్లది ఎత్తేస్తాం."

ఎవరు తక్కువ రాస్తారో, ఎందుకు రాస్తారో నాకు లెక్క వేయకుండానే తెలుసు. వేరుశనగ నాలుగు నెలల్లో చేతికొస్తుంది. వాన పడినా పడకపోయినా ఏదో ఒకటి రాసుకోవచ్చు. మామిడి అలా కాదు. మొక్క నాటితే కాపు చూడడానికి ఏళ్లు పడుతుంది. చూశాక కూడా ఒక ఏడు విరగకాస్తుంది, మరు ఏడు మొహం చాటేస్తుంది. మామిడి మీద పనిచేసేవాళ్ల పేపర్లు కూడా అచ్చం అలాగే వచ్చేవి, ఒక ఏడు కాపు, ఒక ఏడు ఖాళీ. పాపం, వాళ్లనీ వేరుశనగ వాళ్లనీ ఒకే తక్కెడలో వేస్తే ఎలా?

ఇంకోటి చెప్పనా? మా పొలంలో చెంగమ్మ అని ఒక కూలీ మనిషి ఉండేది. ఆకు మీద మచ్చ చూసి రోగం ఎంత ముదిరిందో చెప్పేది. డాక్టరేట్లు ఉన్నవాళ్లు భూతద్దం పెట్టి చూసి చెప్పిన దానికీ ఆమె నిలబడి చెప్పిన దానికీ తేడా ఉంటే, నేను చెంగమ్మ అంకెనే నమ్మేదాన్ని. ఆమె ఏ శాస్త్రవేత్త మడిలో పనిచేస్తే ఆ శాస్త్రవేత్తకు ఆ ఏడాది పేపర్లే పేపర్లు. మా ఇంట్లోనూ అంతే, మగ్గం మీద కూర్చున్న మా నాయనకు పేరొచ్చేది. పొద్దున్నుంచి కండెలు చుట్టిన మా అమ్మ పేరు ఏ చీరా చెప్పలేదు.

పై అధికారి సంగతి కూడా ఉంది. పెద్దాయనకు ముందు ఒకాయన ఉండేవాడు. పనులు ఎందుకు జరగడం లేదో తెలుసుకోవడానికి రోజూ మీటింగు పెట్టేవాడు. రోజంతా మీటింగులో ఉన్నవాడికి పని ఎలా జరుగుతుందయ్యా? ఆయన బదిలీ అయిపోయిన ఏడాది మా కేంద్రంలో అందరికీ ఒక్కసారిగా తెలివి పెరిగిపోయింది! ఇక ఆడవాళ్ల సంగతి. ఇంట్లో కుక్కర్ విజిళ్లు లెక్కపెట్టుకుంటూ పేపరు చివరి పేరా రాసినవాళ్లను నాకు తెలుసు. కుక్కర్ మూడు కూతలు కూసేలోపు పేరా అవ్వాలి, లేకపోతే పప్పు మాడుతుంది.

ఇన్ని తెలిసిన నేను ఏం చేశాను? ఇవన్నీ బీరువాలో పెట్టి తాళం వేసి, పేపర్లు లెక్కపెట్టాను.

క్యాంటీన్ సిద్ధాంతం

మా లైబ్రరీలో కేంద్రం నుంచి వచ్చిన ప్రతి పేపరుకూ రిజిస్టరు ఉంది. ఆ పేర్లన్నీ కంప్యూటరుకు ఎక్కించి, దానికి ఒక సూత్రం నేర్పాను. పేరు ముందున్న అక్షరం, పేరు రెండూ కలిస్తే ఒకే మనిషి. అక్షరం మారితే వేరే మనిషి. ఎంత చక్కటి సూత్రం! అరగంటలో పట్టిక తయారైంది.

అందరికన్నా పైన సి. మునిరత్నం. నేల విభాగంలో పనిచేసే మా మునిరత్నమే. నెమ్మదస్తుడు, ఎవరి జోలికీ పోడు. ఆయనకూ రెండో స్థానానికీ మధ్య ఆమడ దూరం. నేనే ఆశ్చర్యపోయాను. నాలుగో స్థానంలో కె. రాజమాణిక్యం అని ఎవరో ఉన్నారు. ఇప్పుడు మా దగ్గర లేరు. పాత తాత్కాలిక ఉద్యోగి అయివుంటారు, వెళ్లిపోయివుంటారు అని రాసుకున్నాను. అట్టడుగున ఒకే ఒక్క పేపరుతో వి. కస్తూరి.

కస్తూరిది సత్యవేడు. మామిడి పూతను పీల్చేసే తేనెమంచు పురుగు మీద పనిచేసేది. చదువుకునే రోజుల నుంచీ మా కేంద్రంలోనే ఉంది, కానీ ఉద్యోగం పర్మినెంటు కాదు. ఆ మామిడి ప్రాజెక్టు ఉంటేనే ఆమె ఉంటుంది. ప్రాజెక్టు ఎత్తేస్తే ఆమె ఇంటికే. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ పట్టికలో అడుగున పెట్టాను. అంకెలు అంకెలే కదా అనుకున్నాను.

తరువాత పెద్దాయన అడిగిన ఆ "ఎందుకు" వెతకడం మొదలుపెట్టాను. వయసు చూశాను, చదువు చూశాను, గదులు కూడా చూశాను. చూస్తే ఏముంది, గది క్యాంటీనుకు ఎంత దగ్గరగా ఉంటే పేపర్లు అంత ఎక్కువ! మునిరత్నం గది క్యాంటీను గోడకు ఆనుకునే ఉంటుంది మరి. నేను గంటసేపు వివరించిన మహా సిద్ధాంతం ఇదే. పెద్దాయన పొంగిపోయాడు. "బలే చెప్పినావమ్మా! అట్లయితే అందర్నీ క్యాంటీన్ పక్కకే మార్చేద్దాం. ఆ రాజమాణిక్యం ఎవురో గాని గట్టోడు మాదిరుండాడే, యాడున్నా వెతికి వెనక్కి పిలిపిచ్చు. ఈ కస్తూరికి మాత్రం ఒక మెమో ఇయ్యండి" అన్నాడు.

మెమో వెళ్లింది. కస్తూరి ఒకసారి చదివింది. సంతకం పెట్టి తీసుకుంది.

శాలువా

మునిరత్నానికి సన్మానం పెట్టారు. హాలు నిండా జనం, మసాలా వడలు, పెద్ద శాలువా. పెన్షనర్లను కూడా పిలిచారు. గుమాస్తా మైకు పట్టుకుని మునిరత్నం గారి పేపర్ల పేర్లు ఒక్కొక్కటే చదువుతున్నాడు. మునిరత్నం తల వంచుకుని పెళ్లికొడుకులా సిగ్గుపడుతున్నాడు.

"వేరుశనగ ఆకుమచ్చ తెగులు మీద..." అని గుమాస్తా అన్నాడో లేదో, పెన్షనర్ల వరసలోంచి ఒక ముసలాయన చేతికర్ర పైకెత్తి లేచాడు. "ఆగప్పా, ఆగు! ఆ పేపరు నాది కదా! దాంట్లో ఆకు బొమ్మలు నా సేత్తో గీసినాను!"

అందరూ వెనక్కి తిరిగారు. ఆయనను నేను గుర్తుపట్టాను. ఎప్పుడో రిటైరైన వేరుశనగ శాస్త్రవేత్త. పేరు సి. మునిరత్నం.

"మరి చెరకు కార్శి పంట, అదే కొట్టిన మొదళ్ల నుంచి మళ్లీ లేచే పంట, దాని మీద రాసింది?" అన్నాడు గుమాస్తా, మైకులోనే.

"అది ఇంకో మునిరత్నంది. కోస్తాకు బదిలీ అయిపొయ్‌నాడు సూడు, వాడిది. నేను చింతల మునిరత్నం, వాడు చెంబేటి మునిరత్నం. ఈ అబ్బయ్య ఎవురో నాకు తెలీదు."

"నాది చెంగయ్య మునిరత్నం సార్, మా నాయన పేరు చెంగయ్య" అన్నాడు సన్మానం చేయించుకుంటున్న మునిరత్నం, శాలువా అంచు పట్టుకుని, దొంగతనం చేసి దొరికిపోయినంత దీనంగా.

మా చిత్తూరు పక్క సంగతి తెలియని వాళ్లకు చెప్పాలి. ఏ గుంపులోనైనా నిలబడి "మునీ" అని కేకేస్తే సగం మంది తిరిగి చూస్తారు. మిగిలిన సగం తమ అన్ననో బావనో పిలిచారేమోనని చూస్తారు. ఈ గడ్డ మీద పుట్టి పెరిగి, మునిరత్నం అంటే ఒక్కడే ఉంటాడనుకున్న మొదటి మనిషిని నేనే!

పెద్దాయన ముందు పళ్లు కొరికాడు, తరువాత పెదాలు కొరికాడు, తరువాత ఆపుకోలేక పగలబడి నవ్వాడు. దాంతో హాలంతా నవ్వే. ముసలాయన స్టేజీ ఎక్కి, "నాకు సగం కప్పండప్పా" అని శాలువాలో దూరాడు. ఇద్దరు మునిరత్నాలూ ఒకే శాలువాలో నిలబడి ఫోటో దిగారు. నేనైతే సిగ్గుతో చచ్చిపోతూ కూడా కళ్లనీళ్లొచ్చేలా నవ్వాను.

వడలు తింటున్నప్పుడు మునిరత్నాన్ని పక్కకు లాగి అడిగాను, "ఏం సార్, చెరకు మీద మీరు రాయలేదని మీకు తెలీదా?" అని.

"అనుమానం వచ్చినాది మేడమ్" అన్నాడాయన. "చెరకు గురించి నేనెప్పుడు రాసినానబ్బా అనుకున్నా. కానీ మీరు లెక్కేసినారు కదా. రాసేసి మర్సిపొయ్‌నానేమో అనుకున్నా."

మళ్లీ నవ్వాను. నవ్వుతూనే నా గదిదాకా వచ్చి, తాళం తీస్తూ ఆగిపోయాను. నా సూత్రం ముగ్గురిని ఒకరిని చేసింది. ఒకరిని ముగ్గుర్ని కూడా చేసివుంటుందా? అట్టడుగు వరస గుర్తొచ్చింది. ప్రాజెక్టులు ఎత్తేసే మీటింగు ఎల్లుండే.

రాజమాణిక్యం దొరికాడు

కస్తూరి తన గదిలో పుస్తకాలు అట్టపెట్టెలో సర్దుకుంటోంది. నన్ను చూసి లేచి నిలబడింది.

"కూర్సోమ్మా. నీకు ఎన్ని పేర్లుండాయి?" అన్నాను.

ఆ పిల్ల నా వైపు వింతగా చూసింది. "ఇస్కూలు నుంచి ఎమ్మెస్సీ దాకా ఆర్. కస్తూరి మేడమ్. మా సత్యవేడు పక్క అరవోళ్ల మాదిరి నాయన పేరే ముందర పెట్టుకుంటాము. తిరుపతిలో పీహెచ్‌డీకి చేరితే ఆడ గుమాస్తా, ఇంటిపేరు లేకుండా మనిషి యాడన్నా ఉంటాడా అని గదమాయించి పాలూరు అని రాసేసినాడు. అప్పుడు పి. కస్తూరి అయినాను. పెండ్లయినాక మా అత్తోళ్లు రేషన్ కార్డులో మా ఆయన పేరు పెట్టిచ్చినారు. వాసు. రేషన్ కార్డును బట్టి ఆధారు, ఆధారును బట్టి ఆఫీసు. ఇప్పుడు వి. కస్తూరి."

"ఈ పేర్లన్నిటితో పేపర్లు రాసినావా?"

"ఏ ఏటికి ఏ పేరుంటే దాంతో రాసినాను మేడమ్."

ఆర్. కస్తూరి, పి. కస్తూరి ఇద్దరూ నా పట్టికలో ఉన్నారు. వాళ్లెవరో పాత ఉద్యోగులు, వెళ్లిపోయారు అని నేనే రాశాను. "ఇంకేమైనా పేరుందా తల్లీ? బాగా గుర్తు చేసుకో."

కస్తూరి కొంచెం సిగ్గుపడింది. "ఒక పత్రికోళ్లు పూర్తి పేరు పంపమన్నారు. నాయన పేరు కలిపి కస్తూరి రాజమాణిక్యం అని పంపినాను. వాళ్లు దాన్ని తిప్పేసి కె. రాజమాణిక్యం అని అచ్చేసినారు. ఆ పత్రికలో నావన్నీ ఆ పేరుతోనే వచ్చినాయి."

"రాజమాణిక్యం మీ నాయనా?"

"అవును మేడమ్. సత్యవేడులో చెరుకు సేద్యం. ఆ పేపర్లు చూపిస్తే మా నాయన ఒకదానికి ఫ్రేము కట్టిచ్చి గోడకు తగిలిచ్చుకున్నాడు. ఇంటికొచ్చినోళ్లకంతా, నేను రాసినాను సూడు అని చెప్పుకుంటా తిరగతా ఉండాడు."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రెండూ చేశాను. ఆ అట్టపెట్టెలో పుస్తకాలన్నీ నేనే బయటికి తీసి మళ్లీ అలమరలో పెట్టాను. తలకిందులుగా పెట్టానని తరువాత చెప్పింది.

మీటింగు

మీటింగులో లేచి నా పట్టిక తప్పని చెప్పడానికి ఎంత భయమేసిందో చెప్పలేను. ముప్పై ఏళ్లు అందరికీ "తేడా లేదు, మళ్లీ చేసుకురండి" అని చెప్పిన నోరు. ఇప్పుడు ఆ మాట నాకు నేనే చెప్పుకోవాలి. పిల్లలూ, మీకు కూడా ఆ రోజు వస్తుంది. వచ్చినప్పుడు వాయిదా వేయకండి. ఆలస్యమయ్యే కొద్దీ తప్పు బలుస్తుంది.

నేను నోరు తెరిచేలోపే పెద్దాయన అడిగాడు. "ఆ రాజమాణిక్యం దొరికినాడా అమ్మా?"

"దొరికినాడు సార్. సత్యవేడులో చెరుకు తోట కాడ ఉండాడు."

"మంచిది. పిలిపిచ్చు."

"పిలిచినా రాడు సార్. చెరుకు కొట్టాల కదా" అన్నాను. "కానీ ఆ పేపర్లు రాసిన మనిషి ఈడే ఉండాది. వాళ్ల కూతురు. కస్తూరి."

కొత్త పట్టిక తెర మీద పెట్టాను. నలుగురు కస్తూరులు ఒకటైతే రెండో స్థానంలో ఉంది. అది కూడా మామిడి మీద, ఒక ఏడు కాసి ఒక ఏడు కాయని చెట్టుతో! ఆ తరువాత బీరువాలో పెట్టి తాళం వేసినవన్నీ బయటికి తీశాను. వేరుశనగనూ మామిడినీ ఒకే తక్కెడలో వేయకూడదన్నాను. చెంగమ్మ ఎవరి మడిలో ఉంటుందో చూడమన్నాను. గదులు క్యాంటీను పక్కకు మారిస్తే వడలు అయిపోతాయి తప్ప పేపర్లు రావన్నాను.

పెద్దాయన పాత పట్టికనూ కొత్త పట్టికనూ పక్కపక్కన పెట్టుకుని వేలితో ఒక్కో పేరూ సరిచూశాడు. ఆ రోజు ఆయన కాఫీ మొదటిసారి చల్లారింది. చివరికి అన్నాడు: "అంటే, మనం ఎత్తేయాలనుకున్న మనిషి, వెనక్కి పిలిపియ్యాలనుకున్న మనిషి ఒకరేనా?"

"ఒకరే సార్."

"ఓరి దేముడా!" అని తల పట్టుకున్నాడు. మామిడి ప్రాజెక్టు ఉంచుతున్నట్టు అక్కడికక్కడే రాయించి సంతకం పెట్టాడు. తొందర మనిషి అయితే ఒక్కోసారి లాభమే.

అడగని ప్రశ్న

పరుగున వచ్చి చెప్పాను. కస్తూరి నా గది బయట వరండాలో నిలబడి ఉంది. విని రెండు చేతులతో ముఖం కప్పుకుంది. నాకు ఆనందం పట్టలేక కోపం వచ్చింది. "నీ పేపర్లు ఎన్నో నీకు తెలుసు కదమ్మా! మెమో ఇచ్చిన రోజే వచ్చి నన్ను కడిగేయాల్సింది. ఎందుకు గమ్మునుండావు?"

"మీరు లెక్కేసినారు కదా మేడమ్" అంది. "మేము రాసేది లెక్కలోకి వచ్చేది కాదేమో అనుకున్నా. అన్నీ ఈ సంచిలోనే పెట్టుకోని తిరగతా ఉండా. తీసి సూపియ్యడానికి సిగ్గేసినాది."

మునిరత్నం కూడా ఇదే మాట అన్నాడు. అప్పుడు పడీ పడీ నవ్వాను. ఇప్పుడు నాకు ఏడుపొచ్చింది. రాయనివి రాశాననుకుని ఒక మనిషి శాలువా కప్పించుకున్నాడు. రాసినవి రాయలేదనుకుని ఒక మనిషి పెట్టె సర్దుకుంది. ఇద్దరూ నమ్మింది నన్నే. ఎవరూ "ఎట్ల లెక్కేసినావు?" అని ఒక్క మాట అడగలేదు. కొత్తగా వచ్చే పిల్లలకు నేను చెప్పేది ఇదొక్కటే. మీ విలువ ఇంత అని ఎవరైనా ఒక అంకె చేతిలో పెడితే, ఎలా లెక్కపెట్టారో అడగండి. చెప్పేవాళ్లు ఎంత పెద్ద మేడమ్ అయినా సరే, అడగండి.

కళ్లు తుడుచుకుని కస్తూరికి కొత్త పట్టిక చూపించాను. పైనుంచి కిందిదాకా చూసింది. మళ్లీ కిందినుంచి పైకి చూసింది.

"దీంట్లో మీరు యాడుండారు మేడమ్?"

నన్ను నేను వేసుకోలేదు. ఆ ఆలోచనే రాలేదు. సరే చూద్దామని కంప్యూటరులో నా పేరు కొట్టాను. ముప్పై ఏళ్లలో ఆ కేంద్రం నుంచి వెళ్లిన అంకెల్లో నా చేతి మీదుగా పోనిది దాదాపు లేదు. పేపర్ల చివర "గణాంక విభాగానికి కృతజ్ఞతలు" అని ఒక లైను ఉండేది, పేరు ఉండేది కాదు. కంప్యూటరు వెతికి వెతికి చివరికి సున్నా చూపించింది.

కస్తూరి ఆ సున్నాను చూసింది, నన్ను చూసింది. "అంటే ముప్పై ఏండ్లు మీరు ఊరికే కూర్సున్నారా మేడమ్?"

ఇద్దరం ఫక్కున నవ్వాం. ఆగుదామనుకుంటే ఒకరి ముఖం ఒకరు చూసుకుని మళ్లీ మొదలు. పక్క గది వాళ్లు వచ్చి ఏమైందని అడిగితే సున్నా చూపించి మళ్లీ నవ్వాం. వాళ్లకేమీ అర్థం కాలేదు.

నవ్వు సద్దుమణిగాక కస్తూరి కుర్చీ లాక్కుని నా బల్ల దగ్గర కూర్చుంది. సంచిలోంచి కొత్త పేపరు రాతప్రతి తీసింది. తేనెమంచు పురుగు మీద, నేను అంకెలు తేల్చిపెట్టిందే. మొదటి పేజీలో తన పేరు పక్కన కామా పెట్టి, పెన్ను పట్టుకుని నా వైపు తిరిగింది.

"మీ పేరు ముందర ఏ అచ్చరం రాయమంటారు మేడమ్?"

"అచ్చరాలను నమ్మి చెడినాను తల్లీ, పూర్తిగానే రాస్తా" అని పెన్ను తీసుకుని, కామా పక్కన నా పేరు నేనే రాసుకున్నాను.